ఫైలు కనబడటం లేదు

1. ప్రవేశిక

మీరు ఎప్పుడైనా ప్రభుత్వ కార్యాలయానికి పని మీద వెళ్ళారా? వెళ్ళే ఉంటారు. రేషన్ కార్డు కోసమో, పిల్లవాడి జనన ధ్రువపత్రం కోసమో, ముసలితల్లి పింఛను కోసమో మనమంతా ఏదో ఒక కిటికీ ముందు నిలబడ్డవాళ్ళమే. అక్కడ వినబడే జవాబుల్లో అన్నిటికన్నా నిరాశ కలిగించేది ఏది? “ఇవ్వం” అన్న జవాబు కాదు. ఇవ్వమంటే ఎందుకు ఇవ్వరని అడగవచ్చు. పై అధికారి దగ్గరకు వెళ్ళవచ్చు. కాని “మీ ఫైలు కనబడటం లేదు” అంటే ఏం చేస్తాం? ఎవరితో వాదిస్తాం? ఆ మాటతో మన అర్జీ, మనం తిరిగిన తిరుగుడు, మనం పోగొట్టుకున్న కూలి అన్నీ గాలిలో కలిసిపోతాయి.

ప్రభుత్వ సమాచారం అడిగి తెలుసుకునే హక్కు నేడు మనకు ఉంది. అయితే అడిగే హక్కు సగం మాత్రమే. అడిగిన కాగితం భద్రంగా ఉండటం మిగతా సగం. నీళ్ళు లేని బావికి కొత్త తాడు కట్టి ఏం లాభం? రికార్డులు సరిగా లేనిచోట సమాచార హక్కు కూడా అలాంటిదే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. చదివి, మీ అనుభవంతో పోల్చి చూడండి.

2. పేదవాడికి కాగితమే ఆస్తి

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాలమూరు నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రి ఢిల్లీలో ఇరవై ఏళ్ళుగా గోడలు కడుతున్నాడనుకోండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్ళు నిండి, 60 ఏళ్ళు దాటని కార్మికుడు, గడచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణపు పని చేసి ఉంటే, సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకునే వీలు కలిగింది. మన మేస్త్రి 90 రోజులు కాదు, దాదాపు ఏడాదంతా పని చేశాడు. కాని దానికి రుజువు ఏది? అతడు కట్టిన మేడలు ఊరంతా నిలబడి ఉన్నాయి. ఆ మేడల మీద అతడి పేరు లేదు. పేరు ఉండవలసినది కాగితం మీద. ఆ కాగితం పోతే అతడి చెమట కూడా పోయినట్లే.

ధనవంతుడి సంగతి వేరు. అతడి దగ్గర నకళ్ళు ఉంటాయి, వకీలు ఉంటాడు, తెలిసినవాళ్ళు ఉంటారు. ఒకచోట కాగితం పోతే మరొకచోట తెచ్చుకుంటాడు. పేదవాడికి ఉన్నది ఒక్కటే కాగితం. అది కూడా చాలాసార్లు అతడి చేతిలో ఉండదు, ప్రభుత్వ బీరువాలో ఉంటుంది. అందుచేత ఆ బీరువాను జాగ్రత్తగా చూసుకోవడం గుమాస్తా సొంత వ్యవహారం కాదు. అది పేదవాడి ఆస్తిని కాపాడటం.

మన పల్లెల్లో ఈ సంగతి పాతకాలం నుంచీ అందరికీ తెలుసు. భూమి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. అడంగల్‌లో ఎవరి పేరు రాస్తే భూమి వారిదే. అందుకే రైతు కరణానికి భయపడేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల పద్ధతి రద్దయింది. కాని ఆ అనుభవం నేర్పిన నీతి పాతబడలేదు. లెక్క ఒక్కడి చేతిలో ఉండి, దాన్ని మిగతావాళ్ళు చూడలేకపోతే, ఊరంతా అతడి దయ మీద బతకవలసిందే.

3. ఢిల్లీ బస్తీ నేర్పిన పాఠం

లెక్కను అందరూ చూడగలిగితే ఏమవుతుంది? దీనికి జవాబు ఢిల్లీలోనే దొరుకుతుంది.

ఢిల్లీకి 2001లో సొంతంగా ఒక సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 2న అది అమలులోకి వచ్చింది. అప్పటికి దేశమంతటికీ వర్తించే చట్టం ఇంకా లేదు. తూర్పు ఢిల్లీ వైపున సుందర్ నగరి అనే బస్తీ ఉంది. అక్కడి ప్రజలు, ‘పరివర్తన్’ అనే సంస్థ కార్యకర్తలు కలిసి ఈ చట్టం కింద తమ ప్రాంతంలో జరిగిన పనుల బిల్లులు, ఒప్పందాల నకళ్ళు సంపాదించారు. ఆ కాగితాలు పట్టుకుని వీధి వీధీ తిరిగారు. కాగితంలో ఉన్నది నేల మీద ఉందో లేదో చూసుకున్నారు.

2002 డిసెంబరు 14న బహిరంగ సభ పెట్టి, ఆ లెక్కలు అందరి ముందూ చదివారు. మొత్తం 68 పనులు. వాటి విలువ సుమారు 1 కోటి 30 లక్షల రూపాయలు. అందులో దాదాపు 70 లక్షల రూపాయల విలువైన సామగ్రి, పనులు నేల మీద కనబడలేదని సభలో తేలింది. కాగితం మీద వేసిన వీధి కొన్నిచోట్ల అసలు లేదు. మురుగుకాలువ మీద ఉండవలసిన ఇనుప జాలీలు చాలాచోట్ల లేవు. ఆ వీధిలో రోజూ నడిచేవాళ్ళే సాక్షులు. వాళ్ళలో చాలామంది చదువురాని వాళ్ళు. అయినా తమ ఇంటి ముందు జాలీ ఉందో లేదో చెప్పడానికి చదువు ఎందుకు?

ఇంకొక సంగతి కూడా ఆ రోజుల్లో బయటపడింది. తూర్పు ఢిల్లీలో అంత్యోదయ కార్డు ఉన్న ఒక పేద మహిళ 2003లో తన రేషను లెక్కలు ఇవ్వమని దరఖాస్తు పెట్టింది. నెలనెలా ఆమె పేరు మీద గోధుమలు, బియ్యం ఇచ్చినట్లు రసీదుల్లో రాసి ఉంది. ఆమెకు ఆ గింజలు అందలేదు. రసీదుల మీద వేలిముద్రలు ఉన్నాయి. కాని ఆమె చదువుకున్నది, ఎప్పుడూ సంతకం చేసేది. ఆమె నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పుకున్నా ఎవరు వింటారు? రసీదు చేతికి వచ్చాక మాత్రం కాదనడానికి వీలు లేకపోయింది. ఆమె అక్షరజ్ఞానమే ఆమెకు సాక్ష్యమైంది. సంతకం నేర్చుకోవడం ఎందుకని అడిగేవారికి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఈ రెండు సంఘటనల్లో ఒక విషయం గమనించండి. మోసం చేసినవాళ్ళు కూడా కాగితం రాశారు. ఆ కాగితం బీరువాలో నిలిచి ఉంది. అందుకే మోసం దొరికింది. ఆ బిల్లులు, ఆ రసీదులు “కనబడటం లేదు” అని ఉంటే, సుందర్ నగరి సభలో చదవడానికి ఏమీ ఉండేది కాదు.

4. దేశమంతా ఒకే చట్టం

ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. ప్రభుత్వం చేసే పనులను తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని సుప్రీంకోర్టు 1975లోనే, రాజ్ నారాయణ్ కేసులో చెప్పింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లో ఏర్పడింది. కూలి డబ్బు సరిగా ఇవ్వడం లేదని అడిగిన కూలీలకు, ముందు మస్టరు చూడాలి అన్న ఆలోచన అక్కడే బలపడింది. 1994లో వాళ్ళు పల్లెల్లో బహిరంగ విచారణలు మొదలుపెట్టారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. “మా డబ్బు, మా లెక్క” అన్నదే వాళ్ళ నినాదం. చివరకు పార్లమెంటు 2005లో సమాచార హక్కు చట్టం చేసింది. అది 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో మనకు ముఖ్యమైన అంశాలు ఇవి.

(అ) ఏ పౌరుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కరలేదు.

(ఆ) రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టడానికి పౌర సమాచార అధికారి సహాయం చేయాలి.

(ఇ) దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండవచ్చు. అంటే కర్నూలులోనో, కరీంనగర్‌లోనో తెలుగులో రాయవచ్చు. ఢిల్లీ కార్యాలయానికి తెలుగులో రాస్తే సరిపోదు.

(ఈ) కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే రుసుము లేదు.

(ఉ) జవాబు 30 రోజుల్లో రావాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయమైతే 48 గంటల్లో రావాలి.

(ఊ) జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు.

(ఋ) తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలు మించకుండా, కమిషన్ జరిమానా విధించవచ్చు.

ఇవన్నీ చాలామందికి కొంతవరకు తెలుసు. కాని ఇదే చట్టంలోని నాలుగవ సెక్షన్ గురించి తెలిసినవారు తక్కువ. ప్రతి కార్యాలయమూ తన రికార్డులన్నిటికీ పట్టిక తయారుచేసి, వెతికితే వెంటనే దొరికేలా క్రమపద్ధతిలో ఉంచాలని ఆ సెక్షన్ మొదటి మాటే చెబుతోంది. అంతేకాదు, తన బాధ్యతలు, నియమాలు, ఖర్చులు, లబ్ధిదారుల వివరాలు మొదలైనవి ఎవరూ అడగకముందే ప్రకటించాలని కూడా చెబుతోంది. నా అభిప్రాయంలో ఈ చట్టానికి గుండెకాయ ఇదే. మొదట ఇల్లు సర్దిపెట్టుకో, తరువాత అడిగినవారికి చూపించు అన్నది చట్టం వరుస. మన కార్యాలయాలు రెండవ పనికి ఒక అధికారిని నియమించి, మొదటి పనిని చాలావరకు మరచిపోయాయి.

5. “కనబడటం లేదు” అన్నది జవాబేనా?

సమాచారం ఇవ్వకుండా ఉండటానికి చట్టంలో కొన్ని కారణాలు రాసి ఉన్నాయి. దేశభద్రత, మంత్రివర్గ చర్చలు, వ్యాపార రహస్యాలు వంటివి అందులో ఉన్నాయి. ఆ జాబితాలో “ఫైలు పోయింది” అన్న కారణం లేదు.

ఈ మాటను గట్టిగా చెప్పినవారిలో ఒక తెలుగువారు ఉన్నారు. మాడభూషి శ్రీధర్ ఆచార్యులు వరంగల్లు వారు. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించారు. 2013 నుంచి 2018 వరకు ఢిల్లీలో కేంద్ర సమాచార కమిషనరుగా పనిచేశారు. ఢిల్లీ ప్రభుత్వ భూమి, భవనాల శాఖకు సంబంధించిన ఒక కేసులో ఫైలు కనబడటం లేదని అధికారులు అన్నప్పుడు, ఆ మాటకు చట్టంలో చోటు లేదని ఆయన తీర్పు చెప్పారు. అంతకుముందు, 2013 సెప్టెంబరులో, ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే దారి చూపింది. ఒకప్పుడు కార్యాలయంలో ఉన్న కాగితం ఇప్పుడు దొరకడం లేదని చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. గట్టిగా వెతకాలి. అయినా దొరకకపోతే, పోవడానికి ఎవరు బాధ్యులో విచారించి తేల్చాలి.

రికార్డును పారేయడం కూడా కార్యాలయం ఇష్టం కాదు. 1993లో వచ్చిన పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వానికి, ఢిల్లీ వంటి కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తిస్తుంది. ప్రతి కార్యాలయంలో ఒక రికార్డుల అధికారి ఉండాలి. నియమాల ప్రకారం తప్ప రికార్డును నాశనం చేయరాదు. చేసినవారికి 5 ఏళ్ళ వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1892కు ముందు రికార్డులను అసలు నాశనం చేయకూడదు. కొత్త ఢిల్లీ జనపథ్‌లో జాతీయ అభిలేఖాగారం ఉంది. 1891లో కలకత్తాలో మొదలైన ఆ సంస్థ నూరేళ్ళకు పైబడిన కాగితాలను కూడా జాబితా వేసి దాచింది. ఎప్పుడో తెల్లదొరలు రాసిన ఉత్తరం దొరుకుతుంది. పదేళ్ళ కిందటి మేస్త్రి దరఖాస్తు మాత్రం దొరకదా? దొరకకపోవడానికి కారణం కాలం కాదు, శ్రద్ధ లేకపోవడం.

ఢిల్లీలో ఈ సమస్యకు ఇంకొక కారణం కూడా ఉంది. కార్యాలయాలే మారుతుంటాయి. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌ను 2012లో మూడుగా విడదీశారు. 2022లో మళ్ళీ ఒకటిగా కలిపారు. విడదీసినప్పుడూ, కలిపినప్పుడూ బల్లలు, కుర్చీలు లెక్కపెట్టినంత జాగ్రత్తగా ఫైళ్ళను కూడా లెక్కపెట్టాలి. 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడిపోయినప్పుడు కూడా ఉద్యోగులతో పాటు కాగితాలనూ పంచుకోవలసి వచ్చింది. సరిహద్దు మారినా పౌరుడి హక్కు మారదు. అతడి కాగితం ఏ గదికి వెళ్ళిందో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

6. కొన్ని అభ్యంతరాలు

ఈ వాదానికి ఎదురు చెప్పేవారు ఉన్నారు. వారి మాటలనూ న్యాయంగా పరిశీలిద్దాం.

“ఉద్యోగులకు పని ఎక్కువ. దరఖాస్తులకు జవాబులు రాస్తూ కూర్చుంటే అసలు పని ఎప్పుడు చేస్తారు?” అని కొందరు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఖాళీ పోస్టులు ఉన్నచోట, చీకటి గదిలో చెదలు పట్టిన కట్టల మధ్య ఒక్క గుమాస్తా ఏం చేయగలడు? కాని దీనికి మందు ప్రశ్నలను ఆపడం కాదు. పట్టిక ఉన్న గదిలో కాగితం తీయడానికి పది నిమిషాలు చాలు. పట్టిక లేని గదిలో పది రోజులు పడుతుంది. ముందుగానే గోడ మీద రాసిన సమాచారం కోసం ఎవరూ దరఖాస్తు పెట్టరు. రికార్డు గదికి మంచి మనిషిని, వెలుతురును, బీరువాలను ఇవ్వడం ఖర్చు కాదు, పొదుపు.

“ఇప్పుడు అన్నీ కంప్యూటర్లలో ఉన్నాయి కదా!” అని మరికొందరు అంటారు. కంప్యూటరు మంచి సాధనమే. కాని అందులో పేరు తప్పుగా ఎక్కితే? “యంత్రం తీసుకోవడం లేదు” అన్న మాట “ఫైలు కనబడటం లేదు” అన్న మాటకు తమ్ముడి వంటిది. తప్పు ఎవరు ఎక్కించారు, ఎప్పుడు మార్చారు, ఏ కాగితం చూసి మార్చారు అన్న లెక్క కూడా ఉంటేనే అది రికార్డు అవుతుంది.

మూడవ అభ్యంతరం గట్టిది. “మనుషుల సొంత వివరాలు వీధిలో పెట్టవచ్చా?” అని అడుగుతారు. పెట్టకూడదు. ఒకరి జబ్బు, ఒకరి బ్యాంకు ఖాతా ఇంకొకరికి ఎందుకు? అయితే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని ఎనిమిదవ సెక్షన్‌ను మార్చింది. ఆ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, లేదా గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఆ నిబంధన కాపాడేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో నిరాకరించడానికి వీలు కలిగింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చునన్న ఉపసెక్షన్ చట్టంలో ఇంకా ఉంది. కాని దాన్ని తూచే త్రాసు అధికారి చేతిలో ఉంది. మస్టరులో పేర్లు దాస్తే, లేని కూలీల పేరు మీద డబ్బు తీసినవాడు ఎలా దొరుకుతాడు? రేషను జాబితాలో పేర్లు దాస్తే, ఆ పేద మహిళ వంటివారి గింజలు ఎవరు తిన్నారో ఎలా తెలుస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీ పనుల మీద 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరివాళ్ళ ముందు పేరు పేరునా మస్టరు చదివి, “నీవు పని చేశావా? డబ్బు అందిందా?” అని అడగడమే ఆ తనిఖీకి ప్రాణం. పేదవాడి గోప్యతను కాపాడాలి. కాని ఆ పేరుతో పేదవాడిని దోచినవాడిని కాపాడకూడదు.

7. మనం ఏం చేయాలి?

ప్రభుత్వం తన పని చేయాలి. సరే, మన పని ఏమిటి? అడగనిదే అమ్మైనా పెట్టదు అన్నారు పెద్దలు. అడగడానికీ ఒక పద్ధతి ఉంది.

మొదటిది, ఎక్కడ అర్జీ ఇచ్చినా రెండు నకళ్ళు రాయండి. ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు దాచండి.

రెండవది, “నా పని ఎందుకు కాలేదు?” అని అడగకండి. “ఈ తేదీన ఇచ్చిన నా అర్జీ మీద ఏ రోజున ఏ అధికారి ఏం రాశారు? ఆ పుటల నకళ్ళు ఇవ్వండి” అని అడగండి. మొదటిది ఫిర్యాదు. రెండవది రికార్డు కోసం అడగడం. చట్టం రెండవదానికి జవాబు ఇప్పిస్తుంది.

మూడవది, నకళ్ళు మాత్రమే కాదు, ఫైలును స్వయంగా చూసే హక్కు కూడా మీకు ఉంది. కేంద్ర నియమాల ప్రకారం మొదటి గంటకు రుసుము లేదు.

నాలుగవది, ఫైలు లేదంటే ఆ మాటను రాసి ఇవ్వమనండి. నోటితో తేలికగా వచ్చే మాట సంతకంతో అంత తేలికగా రాదు. చాలాసార్లు అప్పుడే ఫైలు కనబడుతుంది.

ఐదవది, నోయిడాలో ఉంటే ఉత్తరప్రదేశ్, గురుగ్రామ్‌లో ఉంటే హర్యానా, నగరంలోనే ఉంటే ఢిల్లీ. ఏ ప్రభుత్వపు కార్యాలయమో ముందు తెలుసుకుని, ఆ రాష్ట్రపు రుసుము, నియమాలు కనుక్కోండి. హిందీలో రాయడం రాకపోతే మీ పిల్లల సహాయం తీసుకోండి. సిగ్గుపడవద్దు.

8. ముగింపు

రికార్డు అంటే ప్రభుత్వపు జ్ఞాపకశక్తి. జ్ఞాపకం లేని మనిషి అప్పు తీసుకున్న సంగతి మరచిపోతాడు. రికార్డు లేని ప్రభుత్వం తాను ప్రజలకు ఇచ్చిన మాట మరచిపోతుంది. మంచి చట్టాలు చేసినంత మాత్రాన చాలదు. వాటి వెనుక ప్రతి కార్యాలయంలోనూ ఒక శుభ్రమైన గది, ఒక సరైన పట్టిక, దాన్ని కాపాడే ఒక బాధ్యతగల ఉద్యోగి ఉండాలి. ఆ ఉద్యోగికి మనం గౌరవం ఇవ్వాలి. ఆ గది తాళం ప్రజల కోసం తెరవాలి.

మీరు ఈ పుస్తకం చదివి అక్షరాలు నేర్చుకుంటున్నారు. ఆ అక్షరాలు పరీక్ష రాయడానికే కాదు. మీ పేరు మీద ఎవరు ఏం రాశారో చదువుకోవడానికి కూడా. ఇకమీదట “ఫైలు కనబడటం లేదు” అని ఎవరైనా అంటే తలవంచుకుని తిరిగి రాకండి. “ఆ మాటే రాసి ఇవ్వండి” అని మర్యాదగా అడగండి.

ఆలోచించండి

1. సుందర్ నగరి ప్రజలు మోసాన్ని ఎలా కనుక్కున్నారు? కాగితాలు దొరకకపోతే ఏం జరిగేది?

2. సమాచార హక్కు చట్టంలోని నాలుగవ సెక్షన్‌ను రచయిత గుండెకాయ అని ఎందుకు అన్నారు? మీరు అంగీకరిస్తారా?

3. వ్యక్తిగత గోప్యతకు, ప్రజాప్రయోజనానికి మధ్య హద్దు ఎక్కడ ఉండాలి? మీ అభిప్రాయం పది వాక్యాల్లో రాయండి.

4. మీ వీధిలో జరిగిన ఒక ప్రభుత్వ పనిని ఎంచుకోండి. దాని లెక్కలు అడుగుతూ ఒక దరఖాస్తు రాయండి.